స్నేహితులొచ్చిన శనాదివారాలు

పాత స్నేహితులు వస్తున్నారంటే మా రాజమండ్రివాళ్లకు వెంటనే ఓ జాబితా తయారవుతుంది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో నిలిచిన ధవళేశ్వరం బ్యారేజీ, 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్, రోజ్‌మిల్క్, వీలైతే పాపికొండల లాంచీ.

నేను మాత్రం ఈమధ్య ఆ జాబితా కుదించేశాను. శనివారం పొద్దున దిగి ఆదివారం రాత్రి రైలెక్కేవాళ్లు ఊరు చూడ్డానికి రారు. 'ఏరా' అనిపించుకోవడానికి వస్తారు. ఆఫీసులో సార్, ఇంట్లో నాన్న, అపార్ట్‌మెంట్లో ప్రెసిడెంట్ గారు. ఈ వయసులో ఇక 'ఏరా' అనేవాళ్లు ఎంతమందని!

అయితే ఇందులో ఓ అన్యాయం ఉంది. స్నేహం మగవాళ్లది, చాకిరీ ఇల్లాలిది. మేం గోదావరి గాలికి డాబా మీద కబుర్లాడుతుంటే కాఫీలు కిందనుంచి రావాలి. ఏళ్ల తరబడి దీన్నే ఆతిథ్యం అనుకున్నాం. ఇప్పుడు మా బృందంలో పద్ధతి మారింది. పెసరట్లు మేమే వేస్తాం, అంట్లు మేమే తోముతాం.

దీనివల్ల ఇంకో లాభం కూడా కనబడింది. షుగరు మాత్రలు, పెద్దపెద్ద అప్పులు, మాట వినని పిల్లలు, కన్నుమూసిన అమ్మానాన్నలు... హాల్లో ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని సంగతులు, ఉల్లిపాయలు తరిగేటప్పుడు వాటంతటవే బయటపడతాయి. కళ్లు తుడుచుకున్నా ఎవరూ కారణం అడగరు.

మీరూ పిలవండి. పరుపులు చాలకపోతే చాపలు పరవండి. ఇంటావిడకు మాత్రం ఆ రెండు రోజులూ సెలవివ్వండి.