జీడిగింజా, ఎల్డర్‌బెర్రీ

మినెసోటా చలిలో తోట పెంచటం, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లో కోడ్ పెట్టటం రెండూ ఒకటే. ఆశ మనది, మిగతాదంతా దైవాధీనం. కుండీలో కరివేపాకు కోసం ఏటా ఆర్నెల్లు ఇంట్లో దీపాలు పెట్టి సేవ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మూడో చలికాలంలో అది పోయింది.

దాంతో విసిగిపోయి 2019లో పెరట్లో ఎల్డర్‌బెర్రీ పెట్టాను. మనిషెత్తు దాటి గుబురుగా పెరిగే పొద. గొడుగు విప్పినట్టు తెల్లటి పూలగుత్తులు, ఆ తర్వాత అల్లనేరేడు రంగులో మిరియాలంత కాయలు. సున్నాకి కింద ముప్ఫై డిగ్రీల చలి పడినా మొదలు చావదు. దీని తెలివంతా ఆలస్యంలో ఉంది. యాపిల్, చెర్రీ చెట్లు మే నెలలో తొందరపడి పూసి ఆఖరి మంచుకి బలైపోతుంటాయా, ఇది జూన్ చివరిదాకా పూత జోలికే పోదు.

ఒక్క పొదే ఉంటే కాపు పల్చగా ఉంటుందని యార్క్, ఆడమ్స్ అని రెండు రకాలు ఆరడుగుల ఎడంలో నాటాను. వేళ్ళు పైపైనే పాకుతాయి, పార పెట్టి కలుపు తియ్యకూడదు. నేను తీశాను. ఒక పొద సగం వాడిపోయింది. అప్పట్నుంచీ చేత్తోనే పీకి, మొదట్లో చెక్కపొట్టు పరుస్తున్నా. మూడేళ్ళు దాటిన కొమ్మలు సరిగ్గా కాయవు, మార్చిలో చిగురు రాకముందే వాటిని నేల దాకా కోసెయ్యాలి.

ఇక అసలు విషయానికొస్తే, 2022 ఆగస్టులో మా చిన్నది (అప్పటికి ఐదేళ్ళు) సగం పండిన కాయలు గుప్పెడు తినేసింది. రాత్రంతా వాంతులు. పాయిజన్ కంట్రోల్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎన్ని తింది, ఆకులూ కాడలూ కూడా నమిలిందా అని అడిగారు. తెల్లారేసరికి తేరుకుంది లెండి.

నన్ను తినేసిన సంగతి వేరే. ఇదంతా నాకు ముందే తెలుసు. పచ్చికాయల్లో, ఆకుల్లో, కాడల్లో, గింజల్లో సయనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి, ఉడికించకుండా తినకూడదు. 1983లో కాలిఫోర్నియాలో కొంతమంది ఆకులూ కాడలతో సహా పిండిన పచ్చి రసం తాగితే ఎనిమిది మందిని హెలికాప్టర్లో ఆసుపత్రికి చేర్చాల్సొచ్చింది. అందరూ కోలుకున్నారు. ఇవన్నీ నాటకముందే చదివాను. పిల్లకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. డాక్యుమెంటేషన్ తనొక్కడే చదువుకుని ఎవరికీ చెప్పని వాణ్ణి మన ఆఫీసుల్లో ఏమంటామో మీకు తెలుసు.

"రేపటికల్లా అవి అక్కడ ఉండకూడదు" అంది మా ఆవిడ. సరేనని రంపం తీసి, ఎందుకో వేటపాలెం ఫోన్ చేశాను. (మా ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లా. నాకింకా ప్రకాశమే నోటికొస్తుంది.) నాన్న అంతా విని, పిల్ల బాగానే ఉందని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, అప్పుడు నవ్వాడు.

"ఏందిరా, పచ్చి జీడిగింజ కొరికి మూతంతా పొక్కులు తెచ్చుకుంది నువ్వు కాదా? అందుకని చెట్టు కొట్టేశామా?"

నిజమే. మా ఊరు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది జీడిపప్పు. ఆ పప్పు చుట్టూ ఉండే పెంకులో సొన ఉంటుంది, తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. అమెరికాలో అందరూ భయపడే పాయిజన్ ఐవీ కూడా జీడిమామిడి కుటుంబమే. మా అమ్మ చేతులకి ఆముదం, బూడిద రాసుకుని గింజలు కొట్టేది. నా మూతి మానాక నన్ను పక్కన కూచోబెట్టుకుని, గింజ కాల్చి, పగలగొట్టి, పప్పు చేతిలో పెట్టింది.

ఈ మాట చెబితే మా ఆవిడ, "మావయ్యగారు అక్కణ్ణుంచి ఎన్నైనా చెబుతారు. రాత్రంతా బక్కెట్ పట్టుకుంది నేను" అంది. అదీ నిజమే. పైగా అక్కడ నేను గింజ నోట్లో పెట్టబోతే "ఒరే, సొనరా!" అని అరవటానికి వీధిలో పదిమంది ఉండేవాళ్ళు. ఆ రోజు అరిచినా నేను వినలేదు గానీ. ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే, అదీ మీటింగులో.

పొదలు కొట్టలేదు. చుట్టూ నాలుగడుగుల కంచె కట్టి తాళం వేశాను. సెప్టెంబరులో గుత్తులు నల్లబడ్డాక పిల్లని పక్కన నిలబెట్టుకునే కోశాను. గుత్తుల్ని ఫ్రీజర్లో పెట్టి దులిపితే కాయలు సులువుగా రాలతాయి. కాడలు ఏరే పని దానిదే, ఒక్కటి కూడా వదల్లేదు. బాగా ఉడికించి, గింజలు వడకట్టి, పంచదార, నిమ్మరసం కలిపి సిరప్ చేశాం. ఏటా చేస్తున్నాం. ఎవరింటి పిల్లలొచ్చినా మా చిన్నది ముందు కంచె దగ్గరికి తీసుకెళ్ళి తన వాంతుల కథ మొత్తం వర్ణించి చెబుతుంది.

సిరప్ సీసా ఫ్రిజ్‌లోనే ఉంటుంది. మా ఆవిడ మాత్రం ఇంతవరకూ దాని మూత తియ్యలేదు.