తాళం వేశాను నాన్నా

కిందటి వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి మా ఎనిమిదో తరగతి వాడి గేర్ సైకిల్ పోయింది. కొని నాలుగు నెలలే. "తాళం వేశాను నాన్నా" అని వాడు పదిసార్లు చెప్పాడు. తాళం వేసిన సైకిల్ ఎలా పోతుందని గట్టిగానే తిట్టాను. రెండు రోజుల తర్వాత వాచ్‌మన్, జనరేటర్ వెనకాల దొరికిందంటూ నంబర్ లాక్ తెచ్చిచ్చాడు. వేసిన తాళం వేసినట్టే ఉంది. కేబుల్ మాత్రం మధ్యలో తెగి ఉంది. దాన్ని 150 రూపాయలకి బేరమాడి కొన్నది నేనే.

స్టేషన్‌లో ఫ్రేమ్ నంబర్ అడిగారు. సైకిల్‌కీ ఒక నంబర్ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. సైకిల్‌ని తలకిందులు చేస్తే చాలావాటికి పెడళ్ల ఇరుసు కింద కనిపిస్తుంది. బిల్లు ఎక్కడ పెట్టామో గుర్తులేదు. మిగిలింది పుట్టినరోజు ఫొటో ఒక్కటే, అందులో సగం సైకిల్‌కి కేకు అడ్డం. సైకిల్ దొరకలేదు.

దసరాకి ఇంకోటి కొనడానికి వెళ్తూ ఆ తెగిన కేబుల్ పట్టుకెళ్లాను. షాపు పెద్దాయన ప్లాస్టిక్ తొడుగు చీల్చి చూపించారు. పైకి బొటనవేలంత లావు, లోపల సన్నతీగల కట్ట. కటింగ్ ప్లేయర్ పెట్టి మా కళ్లముందే ఇంకో ముక్క కత్తిరించారు. "నాలుగంకెల తాళానికి 10,000 నంబర్లు కుదురుతాయి సార్. పిల్లలేమో పుట్టిన సంవత్సరం పెడతారు, వేసేటప్పుడు చివరి అంకె ఒక్కటే తిప్పుతారు" అన్నారు. మావాడు తల దించుకున్నాడు.

మా నాన్నగారి సైకిల్‌కి వెనక చక్రానికి చిన్న తాళమే ఉండేది. అంత బరువు సైకిల్‌ని భుజాన వేసుకుని పోయేవాడెవడు? ఇప్పటి తేలిక సైకిళ్లకి ఆ తాళమొక్కటే వేస్తే ఎత్తుకుని నడిచిపోవచ్చు.

అందుకే 1,100 పెట్టి గట్టి ఉక్కు యు లాక్ తీసుకున్నాం. చేతి కట్టర్‌కి సులువుగా లొంగదు, గ్రైండర్ పెడితే చప్పుడుకి అపార్ట్‌మెంటంతా లేస్తుంది. పెద్ద సైజు తీసుకోబోతే పెద్దాయన వద్దన్నారు. లోపల ఖాళీ ఎక్కువుంటే గడ్డపార దూర్చి విరగ్గొట్టడం తేలికట. ఫ్రేమ్‌నీ వెనక చక్రాన్నీ కలిపి, కదలని స్తంభానికో గ్రిల్‌కో వేయాలి. ఒట్టి ముందు చక్రానికి వేస్తే చక్రం మనకు మిగులుతుంది, సైకిల్ వాడికి. తాళం నేలకి ఆనకూడదు, ఆనితే సుత్తి దెబ్బకి పీటలా పనికొస్తుంది.

బరువుగా ఉందని మావాడు మొదట్లో సణిగాడు. ఇప్పుడు సెల్లార్‌లో తిరుగుతూ, "నాన్నా, మూడో ఫ్లోర్ వాళ్లది ముందు చక్రానికే వేశారు" అని వచ్చి చెప్తున్నాడు. ఫ్రేమ్ నంబర్ ఫొటో నా ఫోన్‌లోనూ వాళ్లమ్మ ఫోన్‌లోనూ ఉంది.

ఆ రోజు తిట్టినందుకు సారీ చెప్పాను. "సర్లే నాన్నా" అన్నాడు. తెగిన కేబుల్ ముక్కని మాత్రం పారేయనివ్వలేదు. వాడి టేబుల్ సొరుగులోనే ఉంది.