తొంభై మిల్లీలీటర్ల పాలు

పోయిన వేసవిలో నెల రోజులు సెలవు పెట్టి బరంపురంలో ఇంటిపట్టునే ఉన్నాను. తీర్థయాత్రలకు కాదు, అయిదు నెలల మనవణ్ణి చూసుకోవడానికి. మా అమ్మాయికి ఛత్రపురంలో ఉద్యోగం. ప్రసవం సెలవు అయిపోయింది. పొద్దున్నే పిల్లాడికి పాలిచ్చి బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేది. మధ్యలో వాడి ఆకలికి పూచీ నాది.

అమ్మాయి ఆఫీసులో ఫైళ్ళ గది తలుపు గడియ పెట్టుకుని, చిన్న పంపుతో పాలు తీసి, ఐసు పెట్టిన సంచిలో తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. ప్రతి సీసా మీద తేదీ, టైము ఉండాలి. ముందు తీసినవి ముందు వాడాలి. ఖల్లికోట కాలేజీలో బీకాం చదివినప్పుడు సరుకు నిల్వల లెక్కల్లో నేర్చుకున్న 'ఫస్ట్ ఇన్ ఫస్ట్ ఔట్' ఇన్నేళ్ళకి ఇలా పనికొచ్చింది!

రెండో రోజే తప్పు చేశాను. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలో పైన మీగడలా తేలింది, కింద పల్చటి నీళ్ళలా ఉంది. విరిగాయేమోనని కంగారు పడ్డాను. పాలంటే పొయ్యి మీద పెట్టడమే కదా మనకు తెలిసింది, గిన్నెలో పోసి ఓ పొంగు రానిచ్చాను. తరవాత అనుమానం వచ్చి ఫోన్ చేశాను.

"మరిగించేశావా అమ్మా?" అని కాసేపు మాట్లాడలేదు. "తేలడం మామూలే. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. మరిగిస్తే రోగాల్ని ఆపే గుణం చాలావరకు పోతుంది. ఎన్ని ఉన్నాయి?"

"తొంభై మిల్లీలీటర్లు."

"చల్లార్చి పట్టు. ఆకలైనా తీరుతుంది. పారబోయకు."

ఆ చివరి మాట దగ్గర నా గొంతు పట్టేసింది. ఎందుకంటే పారబోసినదాన్ని నేను.

1996లో దీన్ని కన్నాక మూడో నెలలోనే బ్రాంచికి వెళ్ళాను. పదకొండు గంటలయ్యేసరికి కౌంటరు దగ్గర చేపు వచ్చేది. జాకెట్టు తడిసేది, కొంగు బిగించుకుని నోట్లు లెక్కపెట్టేదాన్ని. మధ్యాహ్నం బాత్రూములో నిలబడి నొప్పి తగ్గేదాకా పిండి నీళ్ళు వదిలేసేదాన్ని. దాచుకోవడానికి ఫ్రిజ్ లేదు, చెప్పుకోవడానికి ఆడమనిషి లేదు. మందుల షాపులో రబ్బరు బుడ్డి ఉన్న గాజు పంపు కొన్నాను. అది నొప్పి పెట్టడం తప్ప చేసిందేమీ లేదు, శుభ్రం చేయడమూ కష్టమే. ఇంట్లో డబ్బాపాలు అలవాటయ్యాయి. బిడ్డ తాగకపోతే ఒంట్లో పాలు తయారవడమూ తగ్గిపోతుంది. నాలుగో నెలకి నాకు ఎండిపోయాయి. చట్టం 2017లో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిందని చదివినప్పుడు సంతోషించాను. కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

మా పక్కింటి ఒడియా ఆవిడ రోజూ వచ్చి "మా ఖీర?" అని సీసా చూసేది. ఒడియాలో పాలను ఖీర అంటారు, మన క్షీరమే. పిండిన పాలకు బలం ఉండదని ఆవిడ నమ్మకం. ఇంత అవస్థపడి తెచ్చినవాటిని అలా అంటుంటే నాకు ఒళ్ళు మండేది. సరిగా దాచిన తల్లిపాలు తల్లిపాలే, డబ్బాపాలకంటే ఎంతో మేలు.

అలాగని రెండూ ఒకటేనని అననులెండి. బిడ్డ నోరు పెడితే తల్లి ఒంట్లో పాలు చేపుతాయి, మొదట పల్చగా, పోనుపోను చిక్కగా వస్తాయి. ఎంత తాగాలో వాడే చూసుకుంటాడు. కడగడాలు, కాచడాలు, లెక్కలు ఉండవు. 2013లో పైలిన్ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఫ్రిజ్‌లో సీసాలు ఏమయ్యేవి? రొమ్ముపాలకు ఆ చింత లేదు. పంపుకి అరవయ్యే వచ్చాయని ఒకరోజు అమ్మాయి ఏడ్చింది. పంపుకి వచ్చినదే తల్లి దగ్గరున్న పాలని అనుకోకూడదట. పాలు బాగా పడుతున్న బిడ్డ పంపుకంటే ఎక్కువే తాగుతాడని డాక్టరమ్మ చెప్పాక ఊరుకుంది.

పాలపీక వద్దని మా అమ్మ ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నెతోనే పట్టేదాన్ని. పగలంతా బుద్ధిగా తాగేవాడు. అయిదున్నర దాటిందంటే మాత్రం గిన్నె తోసేసి, గేటు వైపు మొహం తిప్పేవాడు.

ఒకనాడు వాడికి పాలిస్తూ అమ్మాయి అడిగింది, "నాకెన్నాళ్ళిచ్చావమ్మా?" అని.

"మూడు నెలలు" అన్నాను. బాత్రూము సంగతీ చెప్పాను, ఇన్నేళ్ళలో మొదటిసారి.

అది ఏమీ అనలేదు. పిల్లాడు నిద్రపోయాక వాణ్ణి నా ఒళ్ళో పెట్టి, సంచిలోంచి రెండు సీసాలు తీసి నా చేతికిచ్చింది. తేదీలు రాసి ఫ్రిజ్‌లో పెట్టాను.