ఓపెన్ ఎంత, క్లోజ్ ఎంత

పాశమైలారంలో బీ షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో ఇస్నాపూర్ చౌరస్తాకు వచ్చేసరికి రాత్రి పదకొండు దగ్గర పడేది. ఆ వేళప్పుడు కూడా పాన్‌డబ్బా పక్కన ఇద్దరు ముగ్గురు చీటీలు పట్టుకొని నిలబడేవాళ్లు. అందులో మా చిన్నాయన తప్పకుండా ఉండేవాడు. "ఓపెన్ ఎంతొచ్చింది? క్లోజ్ ఎంతొచ్చింది?" ఆయనకు లోకంతో అవసరం ఆ రెండు ప్రశ్నల వరకే. మట్కాలో మా చిన్నమ్మ పుస్తెలు రెండుసార్లు కుదువకు పోయి వచ్చాయి. మూడోసారి రాలేదు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను కూడా పందెం కాశాను. కాకపోతే నాది చట్టం ఒప్పుకున్న పందెం. కనీసం మొదట్లో.

2019లో మా ఆవిడకు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. బల్క్ డ్రగ్ కంపెనీ ల్యాబులో పన్నెండేళ్లు చేసిన కెమిస్టును, ఆమె వెనకాలే వెళ్లి ఒక గోదాములో రాత్రి డ్యూటీకి కుదిరాను. డబ్బా ఎత్తు, స్కాన్ చెయ్యి, దించు. బ్రేకులో నా పక్కన కూర్చునే పోలండ్ కుర్రాడు ఒకరోజు ఫోను చూపించాడు. అందులో లండన్ షేర్ సూచీ, దాని పక్కన రెండు ధరలు.

ఆట సులువు. సూచీ పెరుగుతుందనుకుంటే పాయింటుకు ఇన్ని పౌండ్లని కాస్తాం. పాయింటుకు రెండు పౌండ్లు కాసి, సూచీ పది పాయింట్లు పెరిగితే ఇరవై వస్తాయి, పది తగ్గితే ఇరవై పోతాయి. షేరు కొనేది లేదు, అమ్మేది లేదు, చేతికి వచ్చే కాగితం లేదు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య కంపెనీ పెట్టే సందు పేరు స్ప్రెడ్. ఆట పేరు స్ప్రెడ్ బెట్టింగ్.

నాకు ఆశ్చర్యమనిపించింది ఆ పేరే. వాళ్లు దాన్ని బెట్టింగ్ అనే అంటారు, దాచుకోరు. పందెం కాబట్టే గెలిచిన డబ్బు మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, స్టాంపు డ్యూటీ లేదు. ఓడిన డబ్బును పన్నులో చూపించుకునే దారి కూడా అందుకే లేదు. ఎంత శాతం మంది పోగొట్టుకుంటున్నారో కంపెనీ తన పేజీ మీదే రాసిపెట్టాలి. 2018లో ఐరోపా నియంత్రణ సంస్థ ఇలాంటి ఖాతాలను లెక్క తీస్తే నూటికి 74 నుంచి 89 దాకా నష్టంలోనే ఉన్నాయి. అది చదివి కూడా ఖాతా తెరిచాను. మిగిలిన కొద్దిమందిలో నేనుంటానని ఎందుకు అనుకున్నానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

బెల్‌గ్రేవ్ రోడ్డులో మేము పప్పులు కొనే కొట్టు గుజరాతీ పెద్దాయనది. కుర్రతనంలో బొంబాయిలో ఉన్నాడట. నా కొత్త వ్యాపకం విని నవ్వి, మట్కా పుట్టుక చెప్పాడు. న్యూయార్క్‌లో ఆ రోజు దూది ధర ఎంతకు తెరుచుకుంటుంది, ఎంతకు మూసుకుంటుంది అన్నదాని మీద బొంబాయిలో కాసిన పందెమట అది. 1960ల మొదట్లో ఆ రేట్లు రావడం ఆగిపోతే కుండలోంచి చీటీలు తీయడం పెట్టారు. కుండంటే మట్కా. చిన్నాయన నోట్లో నానిన ఓపెనూ క్లోజూ దూది బజారు మాటలన్నమాట! నా సంగతీ ఏమంత వేరు కాదు. 1974లో స్టువర్ట్ వీలర్ అనే ఆయన లండన్‌లో ఐజీ ఇండెక్స్ కంపెనీ పెట్టింది బంగారం ధర మీద పందేలు కట్టించుకోవడానికే. విదేశీ మారకం మీద ఆంక్షలుండి బ్రిటన్ జనం బంగారం సులువుగా కొనలేని రోజులవి. కొనలేకపోతే పోనీ, ధర మీద కాయండి అన్నాడు. మన విదేశీ మారకాన్ని అదుపు చేసే ఫెమా చట్టం లాంటిదే వాళ్లకూ ఒకటి ఉండేది, దాని పక్కసందులో పుట్టిన ఆట ఇది.

2020 మార్చి 11 రాత్రి నా ఖాతాలో 900 పౌండ్లున్నాయి. కరోనా భయంతో సూచీ అప్పటికే చాలా పడింది, ఇంకేం పడుతుందిలే అనుకున్నాను. డ్యూటీకి వెళ్లే ముందు 5,850 దగ్గర, పెరుగుతుందని పాయింటుకు రెండు పౌండ్లు కాశాను. పందెం మొత్తం విలువ పదకొండు వేల ఏడువందలు. అందులో ఇరవయ్యో వంతు మార్జిన్ కింద పక్కన పెడితే చాలు. అర్ధరాత్రి దాటాక అమెరికా అధ్యక్షుడు టీవీలో మాట్లాడాడు, ఐరోపా నుంచి రాకపోకలు ఆపుతున్నామని. బ్రేకులో ఫోను తీస్తే అంకెలు ఎర్రగా దిగుతున్నాయి. సూపర్‌వైజర్ పిలిస్తే ఫోను జేబులో పెట్టి డబ్బాలెత్తాను. తెల్లారి బస్సులో చూసేసరికి పందెం దానంతటదే మూసుకుపోయి ఉంది. దాదాపు 600 పౌండ్లు పోయాయి.

మిగతా మూడు వందలు మిగలడం నా తెలివి వల్ల కాదు. మార్జిన్‌లో సగానికి డబ్బు పడిపోతే పందేన్ని మూసేయాలి, ఖాతా సున్నా కిందికి పోయి ఆటగాడు బాకీ పడకూడదు అని అక్కడి రూలు. ఆ రోజు సూచీ 639 పాయింట్లు పడి 5,237 దగ్గర ఆగింది. రూలు లేకపోతే పన్నెండు వందలకు పైగా పోయి, ఎదురు బాకీ ఉండేవాణ్ని. మా ఆవిడకు ఆ సంగతి నాలుగు నెలల తర్వాత చెప్పాను.

2021 ఆగస్టులో అమ్మకు పక్షవాతం వస్తే అంతా సర్దుకొని ఇస్నాపూర్ వచ్చేశాం. ఫోనులో ఆ యాప్ ఉంది, ఖాతాలో నాలుగు వందల పౌండ్లున్నాయి. లెస్టర్ అడ్రసే ఉంచమని, వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదని అక్కడి దోస్తు చెప్పాడు. ఒకరాత్రి డాబా మీద కూర్చొని, పాశమైలారం వైపు నుంచి వచ్చే మందుల వాసన పీలుస్తూ ఒక్క పందెం వేశాను. పద్నాలుగు పౌండ్లు వచ్చాయి. నిద్ర పట్టలేదు.

మర్నాడు సంగారెడ్డిలో చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరికి పోయాను. "ఇక్కడే ఉండిపోవడానికి వచ్చారా, చూసిపోవడానికా?" అని మొదట అడిగాడు. ఉండిపోవడానికే అన్నాను. అయితే ఫెమా లెక్కలో దిగిన రోజు నుంచే మీరు ఇక్కడి నివాసి అన్నాడు. అక్కడ ఉన్నప్పుడు సంపాదించిన డబ్బు అక్కడి బ్యాంకులో ఉంచుకోవచ్చు, రిటర్నులో చూపించాలి. ఇక్కడ కూర్చొని అలాంటి పందేలు కాయడం మాత్రం కుదరదు. ఏటా రెండున్నర లక్షల డాలర్లు బయటికి పంపుకోవచ్చన్న వెసులుబాటు ఉంది కదా అన్నాను. "పిల్లల ఫీజులకు పంపండి, వైద్యానికి పంపండి, విదేశీ షేర్లు కొనండి. మార్జిన్‌కు పంపడం నిషేధం" అన్నాడు. కరెన్సీ మీదే మోజుంటే ఎన్‌ఎస్‌ఈ లాంటి ఎక్స్‌ఛేంజీల్లో, వాళ్లు అనుమతించిన జంటల్లోనే చేసుకోవాలట. తప్పితే ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా పడొచ్చు. అడ్రసు మార్చాను. భారత్‌లో ఉండేవాళ్లకు సేవలు ఇవ్వలేమని కంపెనీ రాసి, నా డబ్బు నా బ్యాంకులో వేసి ఖాతా మూసేసింది.

కథ అక్కడ తెగాల్సింది. తెగలేదు, నా నోటి వల్ల. చాయ్ దగ్గర ఈ ముచ్చట్లన్నీ చెప్పేవాణ్ని, కాస్త గొప్పగానే. అప్పటికి చౌరస్తాలో ఒకతను తిరుగుతుండేవాడు. ఫారెక్స్ ట్రేడింగ్ నేర్పుతానంటాడు, వాట్సాప్ గ్రూపులో చేర్చుకుంటాడు. అతని నోట బెట్టింగ్ అనే మాటే రాదు. 2017లో తెలంగాణ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాక ఆ మాటంటే జనానికి భయం. అతనిదంతా ఇన్వెస్ట్‌మెంటు, రిటర్న్స్. "అన్న లండన్ల ఇదే చేసిండు, అడుగుండ్రి" అని నన్ను చూపించేవాడట. ఇంగ్లండ్‌లో నాకు సూచీ మీద ఒకటికి ఇరవై దాటనిచ్చేవాళ్లు కాదు. ఇతని యాప్‌లో ఒకటికి ఐదువందలు. డబ్బు వేసేది ఎవరిదో యూపీఐకి, ఆ పేరు రోజుకొకటి.

నాతో ల్యాబులో చేసిన తమ్ముడొకడు, రియాక్టర్ దగ్గర ఆపరేటర్‌గా మారినవాడు, అందులో చేరాడు. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని కాదు, ఎలాగూ నేను చేసిందే కదా అని. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అనుమతి లేని 34 పేర్లతో హెచ్చరిక జాబితా పెడితే దాన్ని పట్టుకొని వచ్చాడు. "మన యాప్ పేరు ఇందులో లేదన్నా, అంటే మంచిదే కదనే?" జాబితాలో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని రిజర్వు బ్యాంకే అందులో రాసిందని చూపించాను. ఫోను తీసుకొని, రెండుసార్లు చదివి, "చూస్త తియ్" అన్నాడు.

అతను మునిగింది ఓడిపోయి కాదు, గెలిచి. పద్దెనిమిది వేలు వెనక్కి తీసుకున్నాడు. వారం తిరగకుండా అతని జీతం ఖాతా ఆగిపోయింది. పద్దెనిమిది వేలు వచ్చింది ఏ కంపెనీ నుంచో కాదు, వేరే రాష్ట్రంలో మోసపోయినవాడి సొమ్ము తిరిగిన ఖాతా నుంచి. ఆ మోసపోయినవాడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తే, డబ్బు వెళ్లిన దారి వెంట ఖాతాలన్నీ ఆపుకుంటూ వచ్చారు. బ్యాంకుకు నేనూ వెంట వెళ్లాను. ఈ డబ్బు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడిగారు. తమ్ముడు నా మొహం చూశాడు. ట్రేడింగ్ అందామంటే లైసెన్సు ఉన్న కంపెనీ లేదు. పందెం అందామంటే అదింకో కేసు. "తెల్వది సార్" అన్నాడు. ఆ నెల వాళ్లింటి కిరాయి నేను కట్టాను. ఖాతా తెరుచుకోవడానికి రెండు నెలలు పట్టింది. పద్దెనిమిది వేలు తెరుచుకోలేదు. ఆ గురువు ఫోను అప్పటికే స్విచాఫ్.

చిన్నాయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ రోజు బ్యాంకు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే పక్కన చేరి అంతా విన్నాడు. యూపీఐ అర్థం కాలేదు, ఫెమా అర్థం కాలేదు. డాలరు ధర పైకి పోతదా కిందికి పోతదా అని కాస్తారన్నది మాత్రం టక్కున పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు: "ఇగ ఇయ్యాల ఓపెన్ ఎంతరా?"