సుత్తికి లొంగని బంపర్

‘‘ఈ కాలం కార్లన్నీ ప్లాస్టిక్ డబ్బాలండీ. ఆ రోజుల్లో అంబాసిడర్ గుద్దితే గోడే పడిపోయేది!’’ పెళ్లిళ్లలో, టీ కొట్ల దగ్గర ఈ మాట వినని వాళ్లుండరు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ని. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని చేస్తాడు. అందుకే ఈ మాట విన్నప్పుడల్లా ఊరుకోలేను.

ముందు బరువు సంగతి. ఒక ఘనపు సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 2.7. బంపర్ల తయారీలో వాడే పాలీప్రొపిలీన్ అయితే 0.9 గ్రాములే, నీళ్ల మీద తేలుతుంది. కారు బరువు 10 శాతం తగ్గితే మైలేజీ 6 నుంచి 8 శాతం పెరగొచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. పెట్రోల్ ధర చూస్తే అది చిన్న విషయమేం కాదు.

బరువొక్కటే కాదు. ఇనప పెట్రోల్ ట్యాంకు తుప్పు పట్టేది. ఇప్పుడు చాలా కార్లలో ట్యాంకు హెచ్‌డీపీఈతో చేసిందే. తుప్పు బాధ లేదు, వెనక సీటు కింద ఎంత వంకరటింకర ఖాళీ ఉంటే అంతలో ఇమిడేలా ఊది తయారుచేస్తారు. ఇంజిన్‌కి గాలి అందించే మానిఫోల్డ్ ఒకప్పుడు అల్యూమినియం పోత. ఇప్పుడు చాలావాటిలో గాజు పీచు కలిపిన నైలాన్. లోపల నున్నగా ఉంటుంది కాబట్టి గాలి సాఫీగా పోతుంది. హెడ్‌లైట్ గాజు పోయి పాలీకార్బొనేట్ వచ్చింది. రాయి తగిలినా అంత తేలిగ్గా పగలదు. కానీ ఏళ్ల తరబడి ఎండకు పచ్చబడుతుంది, అది దాని లోపం.

మరి భద్రత? బయటికి కనిపించే బంపర్ నిజానికి ఒక తొడుగే. దాని వెనకాల సాధారణంగా లోహపు దూలం ఉంటుంది. మనం కూర్చునే భాగాన్ని కాపాడేది ఇప్పటికీ గట్టి ఉక్కే. ముందుభాగం నలిగితేనే ఆ దెబ్బ మన ఒంటిదాకా తగ్గి వస్తుంది. బండి చెక్కుచెదరకపోతే, ఆ అదురు భరించేది లోపలున్న మనమే.

ఇందాకా చెప్పింది లాభం. నష్టం మాత్రం మా ఇంట్లోకే వచ్చింది. రేకు సొట్ట పడితే నాన్న వెనక నుంచి సుత్తితో మెల్లగా కొట్టి, లప్పం పెట్టి, రుద్ది, సొట్ట ఎక్కడుందో యజమానే పోల్చుకోలేనట్టు చేసేవాడు. నేను చదువుకున్నది ఆ సుత్తి సంపాదన మీదే. ప్లాస్టిక్ బంపర్ సుత్తి మాట వినదు. పగిలితే ‘కొత్తది వేసేయండి’ అంటారు. పని తగ్గింది.

అయినా నాన్న చేతులు కట్టుకు కూర్చోలేదు. ప్లాస్టిక్‌ని వేడితో అతికే పని నేర్చుకున్నాడు. ఒకసారి ఫోన్ చేసి, ‘‘ఒరే, ఈ బంపర్‌కి ఏ జిగురూ అంటట్లేదేంట్రా?’’ అన్నాడు. పాలీప్రొపిలీన్ స్వభావమే అంత, మామూలు జిగురు దాన్ని పట్టుకోదు. బంపర్ లోపలి వైపు చూడమన్నాను. ‘పీపీ’ అని అచ్చు ఉంది. అదే జాతి ప్లాస్టిక్ కడ్డీ కరిగించి అతికితేనే అతుకు నిలుస్తుంది, రంగు వేసే ముందు దానికి తగ్గ ప్రైమర్ కొట్టాలి. అప్పట్నుంచి పగిలిన బంపర్ ఏది వచ్చినా నాన్న ముందు తిరగేసి అక్షరాలు చూస్తాడు. నా డిగ్రీ ఇంట్లో అక్కరకొచ్చింది అక్కడే.

మీ బంపర్ పగిలితే ఒక్క మాట గుర్తుంచుకోండి. మామూలు ఇన్సూరెన్స్‌లో ప్లాస్టిక్ భాగాల ధరకి 50 శాతం తరుగు కోస్తారు. ‘జీరో డిప్’ తీసుకోకపోతే సగం ఖర్చు మీదే. చిన్న పగులైతే, మార్చే ముందు అతకడం కుదురుతుందేమో అడిగి చూడండి. బిగించే కొక్కేలు విరిగి ముక్కలైపోతే మాత్రం కొత్తదే దారి. ఆ మాట నాన్నే చెప్పేస్తాడు, తనకి వచ్చే పని పోయినా సరే.