గంట చాలు నాయనా!

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ఏమీ తోచలేదు. నాకు కథలు రాయడం రాదు, కవిత్వం అసలే రాదు. "సైన్సు విద్యార్థివి కదా, సైన్సు గురించే రాయి" అన్నారు. సైన్సులో నేను ఇంతవరకూ స్వయంగా చేసిన పెద్ద పని ఒక్కటే ఉంది. అది ఒక తప్పు లెక్క. దాని ఖరీదు అర ఎకరం శెనక్కాయ చేను. సిగ్గు విడిచి దాని గురించే రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

మాది కనగానపల్లి. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన మండలం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. అది కూడా పడవలసినప్పుడు పడదు. మా చేను ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, గుట్ట వారగా ఉంది. వేసిన బోర్లు రెండూ ఎండిపోవడంతో అక్కడ మాకు కరెంటు లేదు. చేని గట్టు మీద నిలబడి చూస్తే రామగిరి వైపు కొండల మీద గాలిమరలు తిరుగుతూ కనబడతాయి. ఆ కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది గాని మా కొట్టంలోకి మాత్రం రాదు.

శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే సమయానికి అడవిపందుల బెడద మొదలవుతుంది. ఒక్క రాత్రి మంద దిగితే చాలు, చేను దున్నినట్టే. అందుకని నాయన రాత్రిళ్ళు చేనిలోనే పడుకుంటాడు. 2024లో నేను సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నాయనకు కాస్త నిద్ర దక్కేలా ఒక ఏర్పాటు చేశాను. పాత ట్రాక్టరుదొకటి, 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, నాలుగు మూలలా నాలుగు ఎల్‌ఇడి దీపాలు, ఒక చిన్న మైకు. మైకులో నాయన కేకనే రికార్డు చేసి పెట్టాను. "హోయ్... హోయ్..." అని ఐదు నిమిషాలకొకసారి మోగుతుంది. "నా గొంతు నాకే భయమైతాందిరా" అని నాయన నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది.

దీపాలూ మైకూ కలిసి రాత్రికి సుమారు 25 ఆంపియర్-అవర్లు తింటాయి. రెండు రాత్రులకు బ్యాటరీ సగం ఖాళీ. లెడ్-ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదని నాకు తెలుసు. ఇక మళ్ళీ చార్జి చేయడం ఎట్లా? బ్యాటరీ ముప్ఫై కిలోలకు తగ్గదు. మోపెడ్ మీద కట్టుకుని గుంతల దారిలో ఇంటికి తెచ్చేటప్పుడు ఒకసారి ఆసిడ్ ఒలికి నాయన టవలు చిల్లులు పడింది. అప్పుడు మామ గుర్తుకొచ్చాడు. మామ పెళ్ళిళ్ళకు, జాతరలకు మైకు సెట్లు అద్దెకిస్తాడు. ఆయన దగ్గర పక్కన పడేసిన చిన్న పెట్రోలు జనరేటరు ఒకటి ఉంది. "తీసుకపో అల్లుడా, ఊరికే తుప్పు పడతాంది" అన్నాడు.

జనరేటరు మీద 900 వాట్లు అని ఉంది. కాగితం తీసి లెక్క వేశాను. సగం బ్యాటరీ అంటే 50 ఆంపియర్-అవర్లు. దాన్ని 12 వోల్టులతో గుణిస్తే 600 వాట్-అవర్లు. 900 వాట్ల యంత్రానికి ఇది నలభై నిమిషాల పని! జనరేటరుకు పక్కనే "12 వోల్టులు" అని రాసిన సాకెట్టు, దానికి రెండు వైర్లు ఉన్నాయి. ఇంకేం కావాలి? ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు తగిలించడం నాయనకు నేర్పించాను. "రెండు దినాలకొకసారి గంట ఆడిస్తే చాలు నాయనా, ఎక్కువ ఆడిస్తే పెట్రోలు దండగ" అని చెప్పి హాస్టలుకు వచ్చేశాను.

నాలుగో రాత్రి నాయన ఫోను చేశాడు. "దీపం మసకగా ఉందిరా అబ్బీ. ఇంగొంచేపు ఆడించేదా?"

మరునాడు నాకు ప్రాక్టికల్స్. "రేపు సాయంత్రం గంట ఆడించు నాయనా, సరిపోతుంది" అన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఐదో రాత్రి పదకొండు దాటాక మొదట మైకు ఆగిపోయింది, తర్వాత దీపాలు ఆరిపోయాయి. తెల్లవారి నాయన ఫోను చేస్తే ఎవరో తెలియలేదు. గొంతు పూర్తిగా పోయింది. రాత్రంతా చీకట్లో చేను చుట్టూ తిరుగుతూ మైకు అరవవలసిన అరుపులన్నీ ఆయనే అరిచాడు. అయినా గుట్ట వైపు అర ఎకరం పోయింది. "నీ లెక్క తప్పింది" అని ఆయన అనలేదు. "సదువుకో, పరీక్షలున్నాయి కదా" అన్నాడు. ఆ మాట కంటే తిట్టివుంటే బాగుండేది.

ఆ ఆదివారమే ఊరికి వెళ్ళాను. జనరేటరు మీది దుమ్ము తుడిచి చూస్తే ఆ 12 వోల్టుల సాకెట్టు కింద చిన్న అక్షరాలతో "8.3 ఆంపియర్లు" అని ఉంది. అంటే 100 వాట్లు. 900 వాట్లు మామూలు 230 వోల్టుల సాకెట్టుకు సంబంధించిన మాట. నేను చదివింది పెద్ద అక్షరాలు మాత్రమే. గంట ఆడిస్తే బ్యాటరీలో పడింది మహా అయితే 8 ఆంపియర్-అవర్లు. రెండు రాత్రులకు ఖర్చయ్యేది 50. ఆ లెక్కన ఐదో రాత్రి దీపం ఆరిపోవడంలో వింతేముంది?

ఇంకో లెక్క కూడా వేశాను. ఆ జనరేటరు గంటకు అర లీటరు పెట్రోలు తాగుతుంది. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అర లీటరు తగలబెట్టి బ్యాటరీకి మేము ఇచ్చింది యూనిట్లో పదో వంతు. నూటికి రెండు పాళ్ళు! మిగతాదంతా వేడి, పొగ, చప్పుడు.

బ్యాటరీని ధర్మవరంలో ఒక బ్యాటరీ షాపుకు తీసుకుపోయాం. అక్కడి ముసలి మెకానిక్కు మూతలు తీసి హైడ్రోమీటరు ముంచాడు. నిండు బ్యాటరీలో ఆసిడ్ సాంద్రత 1.250 పైన ఉండాలి, మాది 1.120 చూపింది. "ఇంకో వారం ఇట్లే పెట్టింటే పారేయాల్సి వచ్చేదప్పా" అన్నాడు. ఖాళీ బ్యాటరీని అట్లాగే వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి మళ్ళీ కరగదు. ఆ సమీకరణం నేను ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టినదే. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే ఈ బ్యాటరీని కనిపెట్టాడని ఒక మార్కు ప్రశ్నకు జవాబు కూడా రాశాను. హైడ్రోమీటరు చేతపట్టింది మాత్రం ఆ రోజే.

"జనరేటరుతో దాని సొంత సాకెట్టు నుంచి బ్యాటరీకి ఇయ్యగూడదు. 230 సాకెట్టుకు మంచి చార్జరు తగిలించి, దాన్నుంచి ఇయ్యల్ల. అయినా గానీ కడదాకా జనరేటరుతో నింపల్లనుకోవద్దు. అది తాగినంతే తాగుతాది" అన్నాడాయన.

చివరి మాట నాకు అర్థం కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు నాయనే చెప్పాడు: "మడికి నీళ్ళు కట్టినట్లేరా. ఎండిన నేల మొదట గబగబా తాగుతాది. తర్వాత నిదానిస్తాది. అప్పుడు ఎంత వదిలినా గట్టు తెగి పోయేదే గాని లోపలికి దిగదు." తర్వాత పుస్తకం తీసి చూస్తే అదే ఉంది. ఎనభై శాతం వరకు బ్యాటరీ ఇచ్చిన కరెంటంతా తీసుకుంటుంది. 14.4 వోల్టుల దగ్గరకు వచ్చాక కరెంటు తగ్గుతూ పోతుంది. చివరి ఇరవై శాతానికి గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ జనరేటరు ఆడితే పెట్రోలు వృథా. నింపకుండా వదిలేస్తే బ్యాటరీకి చేటు. విదేశాల్లో బండినే ఇల్లు చేసుకుని తిరిగేవాళ్ళకూ ఇదే చిక్కు అని చదివి ఆశ్చర్యపోయాను. వాళ్ళ బండికీ మా కొట్టానికీ సమస్య ఒకటే!

మామ దగ్గరే 15 ఆంపియర్ల చార్జరు దొరికింది. నేను ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో 100 వాట్ల సోలార్ పలక, దానికి కంట్రోలరు కొన్నాను. ఇప్పుడు రెండు రోజులకొకసారి తెల్లవారుజామున జనరేటరు రెండు గంటలు ఆడుతుంది. సగం నుంచి ఎనభై దాకా అది ఎక్కిస్తుంది. మిగతాది పగలంతా ఎండ నిదానంగా నింపుతుంది. వానకు తడుస్తుందని నాయన జనరేటరును కొట్టంలో పెట్టబోతే గట్టిగా వద్దన్నాను. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కనుక దగ్గర బీడీ కూడా వద్దన్నాను. బీడీ సంగతి ఒప్పుకోవడానికే ఆయనకు ఎక్కువ కాలం పట్టింది.

మిగిలిన చేను చేతికొచ్చింది. పోయిన అర ఎకరం పోయినట్టే.

మొదటి సంవత్సరం తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను ఉపదేశం చేయదలచుకోలేదు. సాకెట్టు కింద చిన్న అక్షరాలు చదవండి, అంతే. ఇంటి నుంచి ఎవరైనా "మసకగా ఉంది" అని ఫోను చేస్తే, ప్రాక్టికల్స్ ఉన్నా సరే, ఒక్క నిమిషం ఆగి లెక్క మళ్ళీ వేయండి.

నాయన ఇప్పుడు హైడ్రోమీటరు తనే ముంచి చూస్తాడు. వారానికొకసారి ఫోను చేసి, నా క్షేమం అడగకముందే, "వెయ్యిన్నీ రెండువందల యాభై ఉందిరా" అంటాడు. గొంతు బాగానే ఉంది.

— ఒక విద్యార్థి, బి.ఎస్సీ. మూడవ సంవత్సరం