రాతకోతల లెక్క

అక్టోబర్ 8, 2024. వజ్రపుకొత్తూరు

బాబాయి ఫోన్లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూసుకుంటూ, "ఈ అంకెలు ఎక్కడ్నుంచి వస్తాయిరా?" అనడిగాడు. హైదరాబాద్‌లోని వాళ్ల ఆఫీసులో వేవ్‌వాచ్ 3 లాంటి ప్రోగ్రాములు లెక్కగడతాయన్నాను. అది ఫోర్ట్రాన్‌లో రాసింది. లెక్క తేలాక ఫలితాన్ని ఫైల్లోకి దించడమూ తక్కువ పనేం కాదు.

ఫోర్ట్రాన్‌లో ఒక్క రైట్ వాక్యంలో ఇంప్లైడ్ డూ లూప్ పెట్టి అర్రే మొత్తం రాయొచ్చు. దాన్ని ఉన్నదున్నట్టు కంపైల్ చేస్తే ప్రతి అంకెకూ ఒకసారి రన్‌టైమ్ లైబ్రరీని పిలవాలి. గంప ఉండగా చేపల్ని ఒక్కొక్కటే ఒడ్డుకు మోసినట్టు! 2018లో వచ్చిన జీసీసీ 8 కంపైలర్ నుంచి అందులోని జీఫోర్ట్రాన్ ఇలాంటి సాదా లూపును పసిగట్టి అర్రే ముక్కగా మారుస్తోంది. ఇక పిలుపు ఒక్కటే. ఆప్టిమైజేషన్ అడిగితేనే సుమా.

అక్టోబర్ 11

తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఇవాళ్టికి ఆరేళ్లు. కూలిన కొబ్బరిచెట్ల చోట పిన్ని నాటిన మొక్కలు నా తలను మించాయి.

సాయంత్రం ఫోర్ట్రాన్ వదిలి సీ భాష వైపు చూశాను. కొత్త లైనుతో ముగిసే సాదా ప్రింట్‌ఎఫ్‌ను జీసీసీ పుట్స్‌గా మార్చేస్తుంది. ఫార్మాట్ అక్షరాలను నడిచేటప్పుడు చదివే శ్రమ తప్పుతుంది, అంతే. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ దాకా వెళ్లే ప్రయాణాలను తగ్గించేది లైబ్రరీలోని బఫర్. ఈ రెంటినీ కలిపేసి కంపైలర్‌ను పొగిడేవాళ్లే ఎక్కువ.

అక్టోబర్ 13

మౌరీ, డెమ్కి, క్రీగర్‌ల 1996 నాటి టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధన మళ్లీ చదివాను. నాకు ఇదే అసలు సరుకు. అందులో డేటా మెమరీలో పట్టనంత పెద్దది. కంపైలర్ లూపును విశ్లేషించి, ఏ పేజీ ఎప్పుడు కావాలో ముందే కనిపెడుతుంది. డిస్కు ఆలస్యాన్ని ఒక్కో చుట్టుకు పట్టే సమయంతో భాగించి, అన్ని చుట్లు ముందుగా "తెచ్చిపెట్టు" అనే సూచనను కోడ్‌లో చొప్పిస్తుంది. పనైపోయిన పేజీలను వదిలేయమనీ చెబుతుంది. ప్రోగ్రామర్ ఒక్క ముక్కా మార్చక్కర్లేదు.

తెలివంతా అది ఉత్తి సూచన కావడంలో ఉంది. మెమరీ చాలకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పక్కన పడేస్తుంది. ప్రోగ్రాం నెమ్మదిస్తుందే గాని జవాబు మారదు. అందుకే కంపైలర్ అంత ధైర్యంగా ఊహించగలిగింది.

రాతకు ఆ వెసులుబాటు లేదు. ఫైల్లో ముందు పడాల్సింది వెనక పడితే, చదివే ప్రోగ్రాముకు వేరే కథ కనిపిస్తుంది. అందుకని కంపైలర్ రెండు రైట్ వాక్యాల వరుసను కదపదు. అర్రే మొత్తాన్ని ఒకే వాక్యంలో పెట్టడం మన చేతిలోని పనే.